ఎర్తింగ్ లేని పాట

పోయిన మాఘమాసంలో కర్నూలులో చుట్టాల పెళ్లి. కడప నుంచి మామ కారులో నలుగురం బయల్దేరాం. స్టీరింగ్ మామది, పక్క సీటు నాది, వెనక అత్త, ఆమె ఎనిమిదేళ్ల మనవడు. మామ కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ దారిలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ కనబడినా ఓసారి తలెత్తి చూడకుండా పోడు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఇది కాస్త టెన్షన్ పెట్టే అలవాటు.

కారులో పాటల విషయంలో మాకొక ఒప్పందం ఉంది. మైదుకూరు దాకా మామ పాటలు. అక్కడి నుంచి నంద్యాల దాకా నావి. నంద్యాల దాటాక ఎవరివీ ఉండవు, అత్త నిద్రపోవాలి. ఆ రోజు ఘంటసాల పద్యాలతో ఖాజీపేట దాటి, పసుపు చేలు చూసుకుంటూ మైదుకూరు చేరాం. నా వంతు వచ్చింది. ఫోన్‌ని సెట్టుకు కలిపి సూఫ్యాన్ స్టీవెన్స్ పెట్టాను.

"ఎవురు పాడేది?" అన్నాడు మామ.

"సూఫ్యాన్."

"మన పిల్లోడేనా? యా వీధి?"

కడపలో ఆ పేరు వింటే ఎవరైనా అదే అడుగుతారు. అమెరికాలో డెట్రాయిట్ మామా, 1975లో పుట్టాడు, మనిషి క్రైస్తవుడు, పేరు మాత్రం అరబ్బీది అన్నాను. మామ కొంచెం నిరాశపడ్డాడు.

నేను పెట్టింది 2010లో వచ్చిన 'ద ఏజ్ ఆఫ్ ఆడ్జ్' అనే ఆల్బమ్. పెళ్లికి పోతూ పెద్దవాళ్లకు వినిపించేదా అది అంటారేమో. తప్పంతా మొదటి పాటది. రెండు నిమిషాల చిన్న పాట, గిటారు మీద వేళ్లు నడుస్తుంటాయి, మనిషి చెవిలో చెప్పినంత మెల్లగా పాడతాడు. వెనక నుంచి అత్త, "జోలపాట మాదిరి ఉంది నాయనా, బాగుండాది" అంది. ఆ ఒక్క మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

రెండో పాట మొదలైంది.

బుర్ర్... టిక్కు టిక్కు... కుయ్య్... బుడగ్ బుడగ్... మామ కారు స్లో చేసి, చెవి సెట్టు వైపు వంచాడు. ముఖంలో పాత డ్యూటీ కళ వచ్చేసింది. "ఎర్తింగ్ పోయిందబ్బీ. స్పీకర్ వైరు యాడో బాడీకి తగులుతాంది."

"కాదు మామా, పాటే అంత."

"పాట అట్లెందుకుంటాది?"

మంచి ప్రశ్న. ఆ ఆల్బమ్ వచ్చిన రోజుల్లో సూఫ్యాన్ అభిమానులు కూడా దాదాపు ఇదే అడిగారు. అంతకు ముందు ఆయన బ్యాంజో, గిటారు, వెనక వేణువులు, బాకాలు, కోరస్ పాడే అమ్మాయిలు, ఇలాంటి సరంజామాతో పాడేవాడు. 2003లో మిషిగన్ రాష్ట్రం మీద ఒక ఆల్బమ్, 2005లో ఇల్లినాయ్ మీద ఇంకొకటి. రెండోదానితో పేరు మోగిపోయింది. ఆ బ్యాంజో మనిషి ఐదేళ్ల తర్వాత ఈ ఆల్బమ్‌తో ఎలక్ట్రానిక్ మిషన్ల గది తలుపు తీశాడు. ఇలాంటివాటిని మలుపు ఆల్బమ్‌లు అంటారని మామకు చెప్పాను.

"మలుపు తిరిగేటోడు ముందు ఇండికేటర్ ఎయ్యాల గదా," అన్నాడు మామ.

జవాబు తోచక మాట మార్చాను. అమెరికాలో ఉన్న యాభై రాష్ట్రాలకూ తలా ఒక ఆల్బమ్ చేస్తానని ప్రకటించాడు మామా, అంత పట్టుదల మనిషి అన్నాను. మామకు ఆసక్తి పుట్టింది. "ఎన్ని చేసినాడు?" రెండు. ఆ యాభై మాట ప్రచారం కోసం అన్న జోక్ అని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మామ చాలాసేపు నవ్వాడు. "వీన్ని తెచ్చి మన తట్టు ఎలక్షన్లో నిలబెట్టాల."

వాదనలో ఓడిపోతున్నవాడు చేసే పనే నేనూ చేశాను. వివరాలు పెంచాను. వీళ్లు పెద్ద కంపెనీల దగ్గరికి పోరు మామా, సొంతంగా చేసుకుంటారు, ఈయనా మారుతండ్రీ కలిసి 1999లో కంపెనీ పెట్టుకున్నారు, పేరు ఆస్తమాటిక్ కిట్టీ, అంటే ఉబ్బసం పిల్లి. చెప్పాక నాలుక కరుచుకున్నాను.

"ఓ... ఆ పిల్లేనా పాడేది?"

మనవడు సీటు మీద పడి దొర్లాడు. వాడి అభిప్రాయం వేరు. ఇది గేములో మనం చచ్చిపోయినప్పుడు వచ్చే సౌండ్ అంటాడు. అత్త మాత్రం కిటికీలోంచి చూస్తూ, "ఇప్పుడే గదా బ్రహ్మంగారి మఠం దావ దాటినాం. ఇట్లాటి పాటలొస్తాయని ఆయన ఎప్పుడో చెప్పుంటాడు," అంది. ఆమె తెలియక అంది కానీ గురి దగ్గరగానే తగిలింది. ఆ ఆల్బమ్ అట్ట మీది బొమ్మ రాయల్ రాబర్ట్‌సన్ అనే ఆయనది. లూసియానాలో బోర్డులు రాసుకునే మనిషి, తనను తాను ప్రవక్తగా చెప్పుకుంటూ లోకం అంతం గురించీ, అంతరిక్ష నౌకల గురించీ బొమ్మలు వేశాడు. ఇది చెప్పబోయి ఆగాను. కాలజ్ఞానంతో పోలికకు దిగితే అత్త నన్ను దువ్వూరులో దింపేసేది.

చివరి అస్త్రంగా రెహమాన్‌ని తీశాను. 1992లో రోజా పాటలు వచ్చినప్పుడు కంప్యూటర్ చప్పుళ్లని నువ్వే అన్నావు గదా మామా?

"రెహమాన్ మన పెద్ద దర్గాకు వస్తాడు. నీ సూఫ్యాను యాడికొస్తాడు?"

ఆ మాటతో నా కేసు కొట్టేశారు.

నిజానికి మామను అనే అర్హత నాకూ లేదు. 2010లో ఏడు రోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చుని ఈ ఆల్బమ్ దించుకున్నాను (డబ్బు పెట్టి కొన్నానని అబద్ధం చెప్పను). ఇంటికొచ్చి వింటే రెండో పాటలో గరగర. ఫైలు చెడిపోయిందనుకుని మర్నాడు పోయి మళ్లీ దించాను. అదే చోట అదే గరగర. సెంటర్ వాడితో గొడవ పడి, వైరస్ ఉందని అరగంట బిల్లు తగ్గించుకున్నాను కూడా. మూడోసారి ఇంకో చోట నుంచి దించాక గానీ, ఆ గరగర ఆయన కావాలని పెట్టిందన్న సంగతి బుర్రకెక్కలేదు. ఇష్టం కలగడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఇవేవీ మామకు చెప్పలేదు.

చాగలమర్రి టోల్‌గేటు దాటేసరికి అత్త పక్షం మారింది. ఈ ఆల్బమ్‌కు ముందు ఆయనకు నరాలకు సంబంధించిన వైరస్ జబ్బు చేసిందని, చాలా బాధపడ్డాడని నేనన్న మాట ఆమెకు పట్టుకుంది. "పాపం బిడ్డ. జరంలో పలవరించినట్టుండాది. ఉండనీ, ఆపొద్దు." ఇప్పుడు అసలు చిక్కు నాకు మొదలైంది. పదో పాటలో ఒక ఇంగ్లీషు బూతుమాట ఉంది. ఒకసారి కాదు, భజనలాగా పదేపదే వస్తుంది. మనవడు చదివేది ఇంగ్లీషు మీడియం. తొమ్మిదో పాట నడుస్తోంది. నేనే ఆపేద్దామంటే అత్త ఆపనివ్వదు, ఎందుకో చెప్పలేను.

ఆళ్లగడ్డ నన్ను కాపాడింది. రోడ్డు పక్కన కార్ల వైరింగ్ షాపు చూసి మామ ఇండికేటర్ వేసి మరీ పక్కకు తిప్పాడు.

షాపు కుర్రాడు ప్యానెల్ ఊడదీసి సెట్టు బయటికి లాగాడు. మామ కారు తలుపు దగ్గర నిలబడి చెవి రిక్కించి, "ఇంకా వస్తాంది సూడు!" అని కేకేశాడు. నిజంగానే వస్తోంది. జుయ్య్... గర్ర్... సెట్టు చూస్తే కుర్రాడి చేతిలో ఉంది. ఆళ్లగడ్డ అంటే రాతి శిల్పాల ఊరు కదా. పక్క షెడ్డులో ఒకాయన మిషన్‌తో నంది మెడ కోస్తున్నాడు. ఆయన్ను ఆపమని చెప్పాల్సి వచ్చింది. సంగతేమిటో తెలుసుకుందామని ఆయనా వచ్చాడు, కనుబొమల దాకా రాతిపొడి. నా ఫోన్లో అర నిమిషం విని, "మా మిషనే నయం, ఒక్క శ్రుతిలో ఉంటాది," అని వెళ్లిపోయాడు.

కుర్రాడు సెట్టు తిరిగి బిగించి, తన ఫోన్ కలిపి ఏదో సినిమా పాట పెట్టాడు. అద్దాలు అదిరాయి. "సెట్టు బంగారం మాదిరి ఉండాది సార్. రిపేరు పాటకు."

"నాకు చెప్పొద్దబ్బీ. జీవితమంతా వైర్ల మీదే ఉన్నా. ఆ స్పీకర్ వైర్లు మార్చు."

కుర్రాడు నా వైపు చూశాడు. నేను నంది వైపు చూశాను. వైర్లు మార్చాడు. మూడొందలు.

మళ్లీ బయల్దేరాక పదో పాట మీదుగా వేలు జారించి పదకొండుకు పోయాను. అదే ఆఖరి పాట. కాకపోతే అది ఇరవై ఐదు నిమిషాలు. అందులో నాలుగైదు సార్లు అయిపోయినట్టు అనిపిస్తుంది, అయిపోదు. "అయిపోయిందా?" అంటాడు మామ. లేదు. ఒక చోట ఆయన గొంతునే మిషన్లో వేసి వంకర్లు తిప్పుతాడు. "ఇప్పుడు మనిషికే షాక్ కొట్టింది," అన్నాడు మామ, నిజమైన ఆందోళనతో. ఇంకో చోట జనమంతా కలిసి పాడుతూ చప్పట్లు కొడతారు. మనవడు సీటులోనే గంతులేశాడు. వద్దు వద్దంటూనే మామ వేలు కూడా స్టీరింగ్ మీద తాళం వేసింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

నంద్యాల దగ్గర పడుతుండగా మిషన్లన్నీ ఒక్కొక్కటే మూగబోయి, గిటారు ఒక్కటే మిగిలింది. మొదటి పాటలో వినిపించిన ఆ మెత్తని గొంతు మళ్లీ వచ్చింది. ఈ ఆల్బమ్ ముగిసేదే అలా. మామ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

"విన్యావా? పోయింది గరగర! కొత్త వైరు ఇప్పుడు సర్దుకుంది. కరెంటు కొంచెం పారాలబ్బీ వైర్లో, దాని టైము అది తీసుకుంటాది. మూడొందలు ఊరికే పోయినాయనుకుంటివే!"

అత్త అప్పటికే నిద్రలో ఉంది. ఒప్పందం ప్రకారం సెట్టు ఆపేశాను.

రెండు రోజుల తర్వాత తిరిగొస్తూ మామ ఆళ్లగడ్డలో కారు ఆపాడు. పెళ్లివారిచ్చిన లడ్డూల పొట్లం తీసి, పని తెలిసినోడని ఆ కుర్రాడి చేతిలో పెట్టొచ్చాడు.