హెడ్ విప్పాక ఎక్కడ ఆగాలి?

లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగిన నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు దారిలో వేడెక్కి ఆగిపోయింది. ఇంజిన్‌కు పై మూత లాంటి హెడ్‌కూ, కింద సిలిండర్లుండే బ్లాకుకూ మధ్య సందు మూసే హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేలడంతో హెడ్ విప్పి బల్ల మీద పెట్టారు. పని హెడ్‌తో సరిపెట్టాలా, ఇంజిన్ మొత్తం దించి కొత్తగా కట్టాలా అన్నది తగవు. వింత ఏమిటంటే, మొత్తం చేయమంటున్నది యజమాని, వద్దంటున్నది మేస్త్రి.

యజమాని: మేస్త్రి గారూ, విప్పడానికే సగం కూలి అయిపోయింది. ఇప్పుడు హెడ్ ఒక్కటే బాగుచేసి బిగించారనుకోండి, ఏడాది తిరగకుండా పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు పోతే మళ్లీ ఇదే హెడ్ విప్పాలి, కొత్త గ్యాస్కెట్ పారేయాలి, కొత్త బోల్టులు కొనాలి. పని పెంచే మేస్త్రులను చూశాను గానీ, వచ్చిన పనిని వద్దనేవారిని మిమ్మల్నే చూస్తున్నాను.

మేస్త్రి: పని వద్దనడం లేదండీ, ఏ పని అన్నదే అడుగుతున్నాను. హెడ్ విప్పకముందు కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి, పట్టినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. ఒకటో సిలిండరులో 180, నాలుగో దానిలో 175 పీఎస్ఐ వచ్చాయి. రెండు, మూడింటిలో 80 దాటలేదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేసారి పడిపోయాయంటే, ముందుగా అనుమానించవలసింది వాటి మధ్యనున్న గ్యాస్కెట్‌నే. ఆ రెండింటిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ పట్టినా ముల్లు కదలలేదు; రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూసి ముల్లును పైకి లేపేది. హెడ్ మీద స్కేలు ఆనించి చూస్తే మధ్యలో సందు కొలిచే ఫీలర్ గేజిలోని 0.10 మిల్లీమీటర్ల రేకు దూరింది. ఈ ఇంజిన్‌కు 0.05 దాటకూడదు. కాబట్టి హెడ్ అడుగును చదును చేసే ఫేసింగ్ తప్పదు. సిలిండరు గోడల మీద ఫ్యాక్టరీలో రాళ్లతో రుద్ది హోనింగ్ చేసినప్పటి అడ్డగీతలు ఇంకా కనిపిస్తున్నాయి, పై అంచున గోరు పెట్టి లాగితే మెట్టు తగలడం లేదు. చెడినది చెడిందని కొలత చెప్పింది, బాగున్నది బాగుందని కూడా అదే కొలత చెప్పింది. మొదటి మాట నమ్మి రెండోది నమ్మకపోతే ఎలా?

యజమాని: కంప్రెషన్ పై రింగుల సంగతి చెబుతుంది. కింది ఆయిల్ రింగు సంగతి చెబుతుందా?

మేస్త్రి: చెప్పదు. అది మీరు పోసే ఆయిల్ లెక్క చెబుతుంది. ఐదు వేల కిలోమీటర్లకు ఎంత కలుపుతున్నారు?

యజమాని: అర లీటరు. కానీ అది వేడెక్కకముందు లెక్క. అంత వేడికి రింగులు బిగువు కోల్పోతాయని మీరే ఒకసారి అన్నారు. పైగా వాల్వులు కొత్తగా గ్రైండింగ్ చేస్తే పైన పట్టు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పాత రింగులు లొంగిపోయి పొగ మొదలవుతుందని మీ తోటి మేస్త్రులే చెబుతారు.

మేస్త్రి: పొగ మాట నేనూ వింటూనే ఉన్నాను. నేను చూసినంతలో అలా పొగ వచ్చిన బండ్లు ముందే ఆయిల్ తాగుతున్నవి, హెడ్ పని తరువాత ఆ సంగతి బయటపడింది. బిగువు సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. రింగు గాడిలో ఉండగా దాని బిగువు కొలిచే సాధనం నా దగ్గర లేదు.

యజమాని: మరి అందుకే కదా మార్చమంటున్నది!

మేస్త్రి: రింగులు మార్చడమంటే రింగులు కొని తొడగడం కాదండీ. గోడలకు హోనింగ్ చేయాలి. బోరు, అంటే సిలిండరు రంధ్రం, కోలగా అరిగినట్టు తేలితే దాన్ని పెద్దది చేయించి, 0.25 గానీ 0.50 గానీ మిల్లీమీటర్లు పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులు విప్పాలి. ఏ క్యాపు ఏ రాడ్డుదో, ఏ వైపు తిరిగి ఉండేదో తారుమారైతే అక్కడి బేరింగు సందు పాడవుతుంది. లక్షా నలభై వేల కిలోమీటర్లు ఒకదానికొకటి ఒదిగిన భాగాలను విడదీసి మళ్లీ కలిపితే, పాత అరుగుదల పోయి కొత్త తప్పులకు తావు ఏర్పడుతుంది.

యజమాని: తప్పుల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతాను. నిన్న మీ కుర్రవాడు గ్యాస్కెట్ మరకలు తీయడానికి ఎమెరీ డిస్కు తిప్పుతూ కనిపించాడు. ఆ పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులను తినేయదా?

మేస్త్రి: తింటుంది. అయితే వాడు తిప్పింది హెడ్ మీద, బ్లాకు మీద కాదు. హెడ్ ఫేసింగ్‌కు వెళ్లి కడిగించుకుని వస్తుంది.

యజమాని: బ్లాకు మూత లేకుండా రెండడుగుల దూరంలో ఉంది. పొడికి హద్దులు తెలుస్తాయా?

మేస్త్రి: ...గుడ్డ కప్పవలసింది. కప్పలేదు, ఆ తప్పు నాది. బ్లాకు నేనే స్వయంగా శుభ్రం చేస్తాను. కానీ చూడండి, హెడ్ ఒక్కటి విప్పితేనే ఇంత ప్రమాదం వచ్చింది. క్రాంకు బయట పెట్టి, ఎనిమిది జతల రింగులు, బేరింగులు ఇదే షెడ్డులో పరిస్తే ప్రమాదం తగ్గుతుందా?

యజమాని: నాలుగు పిస్టన్లకు ఎనిమిది జతలెక్కడివి?

మేస్త్రి: కోపంలో లెక్క తప్పింది, వదిలేయండి. నేను అదనంగా చేయమనే పనులు వినండి. వాల్వు సీళ్లు మార్చాలి, ఎందుకంటే హెడ్ బల్ల మీద ఉండగా అది చిన్న పని, బిగించాక పెద్ద పని. హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి. అవి నిర్ణీత బిగువు (టార్కు) పట్టాక కోణం లెక్కన తిప్పి సాగదీసే రకం, రెండోసారికి నమ్మకూడదు. టైమింగ్ బెల్టు, టెన్షనరు, దాని వెనకున్న వాటర్ పంపు కలిపి మార్చాలి, ఎందుకంటే ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు గుద్దుకుంటాయి. థర్మోస్టాట్ మార్చి, రేడియేటరూ ఫ్యానూ పరీక్షించాలి. వేడెక్కిన కారణం దొరక్కపోతే కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది. వీటికి విప్పిన కూలి ఇప్పటికే పడింది. మీరడిగే కింది పనికి వేరే కూలి పడుతుంది. ఒకసారి విప్పాం కాబట్టి అన్నీ చేద్దామనే మాటలో ఈ తేడా కలిసిపోతోంది.

యజమాని: సరే, ఒక్క ప్రశ్న. ఆయిల్ గేజి కడ్డీ తీస్తే మజ్జిగలా తెల్లగా వచ్చింది. కూలంటు కలిసిన ఆయిల్‌తో ఎన్ని కిలోమీటర్లు నడిచిందో నాకు తెలియదు. కొలతలన్నీ పైనే పట్టారు. కింద బేరింగులు ఏ కొలత చెప్పాయి?

మేస్త్రి: ఏదీ చెప్పలేదు. అది నేను చూడవలసినదే, మీరు అడగకముందే.

యజమాని: అయితే?

మేస్త్రి: ఇంజిన్ దించకుండా ఆయిల్ పాన్ ఒక్కటి దించుతాను. రెండో రాడ్డు, మూడో రాడ్డు క్యాపులు గుర్తు పెట్టి, ఒకటి చూసి బిగించాకే రెండోది విప్పుతాను. లోపలి బేరింగు షెల్లు బూడిద రంగులో ఒకే తీరున ఉంటే పాన్ మూసి, నేను చెప్పిన పనులతో ఆపుదాం.

యజమాని: పై పూత అరిగి రాగి రంగు తేలితే?

మేస్త్రి: ఇంజిన్ దించుదాం, మీరన్న పనంతా చేద్దాం. ఆ క్యాపులు విప్పేటప్పుడు మీరూ లైటు పట్టుకుని పక్కనే ఉండండి.