సూక్తి మీకోసం దాచుకోండి, కష్టంలో ఉన్నవాళ్ళ మీదికి విసరకండి

మంచి మాటల మీద నాకు కోపం లేదు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. రోజూ ప్రార్థనలో పిల్లల చేత ‘నేటి సూక్తి’ చదివించేది నేనే. రెండు ముక్కల్లో చెప్పిన మాట మనిషిని జీవితాంతం నడిపించగలదని నమ్ముతాను. ఆ నమ్మకం ఉంది కాబట్టే, ఈ మధ్య మనం ఆ మాటల్ని వాడుతున్న తీరు చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాడి ఫోన్‌కి పొద్దున్నే సూర్యోదయం బొమ్మ, కింద ‘ఏది జరిగినా మన మంచికే’. భర్త పోయి నెల కూడా తిరగని ఆవిడకి ‘కాలమే అన్నిటికీ మందు’. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చేసిన అమ్మాయికి ‘తన కోపమె తన శత్రువు’. ఈ చివరిది నేను స్వయంగా విన్నాను. చెప్పినావిడ చెడ్డ మనిషేమీ కాదు, ఆ అమ్మాయికి దగ్గరి బంధువే. కానీ ఆ సమయంలో ఆ పిల్లకి కావలసింది తోడుగా పోలీస్ స్టేషన్ దాకా వచ్చే మనిషి, చంటివాడిని నాలుగు రోజులు చూసుకునే మనిషి. పద్యం చదివేస్తే ఆ రెండు పనులూ చెయ్యక్కర్లేదు. సలహా ఇచ్చాం, మన బాధ్యత తీరిపోయింది అనిపిస్తుంది.

సుమతీ శతకంలో ఆ పద్యం అంటే నాకు ప్రాణం. తన శాంతమె తనకు రక్ష, దయ చుట్టంబౌ, తన సంతోషమె స్వర్గము, తన దుఃఖమె నరకము. మొదటి నుంచి చివరి దాకా ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసిన మాట అది. నాకు కోపం వచ్చినప్పుడు, చేతిలో సుద్దముక్క విసిరేద్దామనిపించినప్పుడు, మనసులో అనుకుంటాను. చాలాసార్లు పనిచేస్తుంది. అదే పద్యాన్ని అన్యాయం జరిగినవాళ్ళకి వినిపిస్తే, ‘నోరు మూసుకో’ అన్న మాటని ఛందస్సులో చెప్పినట్టే.

నాకు అర్థమైంది ఇంతే. ఏ సూక్తి అయినా ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాలి. నాకు నేను చెప్పుకుంటే అది దారి చూపిస్తుంది. పైనున్నవాడు కిందనున్నవాడికి అడక్కుండా చెబితే చాలాసార్లు అది అణచివెయ్యడమే అవుతుంది.

భగవద్గీత రెండో అధ్యాయంలో 47వ శ్లోకం, ‘కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన’, ఆఫీసుల్లో ఎంత వాడకమో మీకు తెలుసు. ఇంక్రిమెంట్ మాట ఎత్తితే చాలు, పని చెయ్యి, ఫలితం ఆశించకు అంటారు. అసలు ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. అర్జునుడు విల్లు కింద పెట్టేసి, నాకేమీ పాలుపోవడం లేదు, నీ శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అని అడిగాడు. అడిగాకే కృష్ణుడు చెప్పాడు. చెప్పి దిగి వెళ్ళిపోలేదు. అదే రథం మీద పగ్గాలు పట్టుకుని పద్దెనిమిది రోజులూ ముందు కూర్చున్నాడు. మనకి శ్లోకం చెప్పే పెద్దలు ఎవరి రథం మీద కూర్చుంటున్నారు? జీతం ఆగినప్పుడు వాళ్ళ జీతం కూడా ఆగుతోందా?

అలాగని ఈ చిన్న మాటలు పనికిరానివని నేను అనను. మా ఇంట్లో డబ్బు వ్యవహారాలన్నీ ‘దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకో’ అన్న సామెత మీద నడిచాయి. మా అమ్మ ఏ బ్యాంకు లెక్కలూ చదువుకోలేదు. కొత్త వస్తువు కొనాలంటే ఆ సామెతే ఆవిడ బడ్జెట్. ఇప్పుడు జీతం పడకముందే ఈఎమ్ఐ మెసేజ్‌లు వస్తున్న రోజుల్లో నాకూ అదే ఆసరా. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్నది ఇంకొకటి. ఆరోగ్య బీమా కట్టడం, పొలం కాగితాల్లో పేరు సరిచేయించుకోవడం, రిటైరయ్యేలోపు సర్వీసు రిజిస్టర్‌లో తప్పులు దిద్దించుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇవాళ ఏం చెయ్యాలో చెబుతుంది కాబట్టి అది బతికి ఉంది. ‘నిన్ను నువ్వు నమ్ము, ప్రపంచం నీ వెంట నడుస్తుంది’ లాంటివి చదివి లేచి ఏం చెయ్యాలో నాకైతే ఎప్పుడూ తెలియలేదు.

పైగా మన సామెతలు ఒకదానికొకటి ఎదురు చెప్పుకుంటాయి. ఒకటేమో ‘ఆలస్యం అమృతం విషం’, ఇంకొకటి ‘నిదానమే ప్రధానం’. చిన్నపిల్లాడికి రాత్రి జ్వరం ఎక్కువైతే మొదటిది, ప్లాటు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమని బ్రోకర్ తొందరపెడితే రెండోది. ఏది ఎప్పుడన్నది సామెత చెప్పదు, మనమే చూసుకోవాలి. మా పిల్లలకి నేను చెప్పే పాఠం అదే. సూక్తి బోర్డు మీద రాశాక, ఇది ఎక్కడ పనికిరాదో చెప్పండి అని అడుగుతాను. మొదట్లో బిక్కమొహం వేస్తారు. అలవాటయ్యాక వాళ్ళు చెప్పే ఉదాహరణలు వింటే ముచ్చటేస్తుంది.

సగం మాటే చెప్పి మిగతా సగం మింగెయ్యడం ఇంకో జబ్బు. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అని పెద్దవాళ్ళు పిల్లల్ని గదమాయిస్తుంటారు, చెప్పినమాట వినమని. ఆ పద్యం వెంటనే ‘వినినంతనె వేగపడక వివరింపదగున్’ అంటుంది. విను, తొందరపడకు, పరిశీలించు, అబద్ధమేదో నిజమేదో తేల్చుకున్నవాడే నీతిపరుడు అని దాని భావం. ప్రశ్నించమని చెప్పే పద్యంతో ప్రశ్నించే పిల్లల నోరు మూయిస్తున్నాం. ఇక ఫార్వర్డ్ చేసే ముందు పరిశీలించడం సంగతి చెప్పనే అక్కర్లేదు. అబ్దుల్ కలాం గారు పోయి పదేళ్ళు దాటింది, ఆయన పేరు మీద ఇప్పటికీ కొత్త కొటేషన్లు పుడుతూనే ఉన్నాయి. సీపీ బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులు ఎన్నెన్నో సేకరించి, వాటిని పోల్చి చూసుకుని, 1829లో అచ్చు వేయించాడు. తెలుగు మాతృభాష కాని మనిషికి ఉన్న శ్రద్ధ మనకి లేకపోతే ఎలా?

ఆ వేమన్నే ‘గుణములు కలవాని కులమెంచగానేల’ అన్నాడు. బడి గోడ మీద రాయిస్తాం, పోటీల్లో అప్పజెప్పిస్తాం. అప్పజెప్పినందుకు బహుమతి ఇచ్చిన చేత్తోనే పెళ్ళి సంబంధాల దగ్గర మొదటి ప్రశ్న ఏం వేస్తామో అందరికీ తెలుసు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మాత్రం ఒక జూనియర్ కాలేజీ హాస్టల్ గోడ. మా దగ్గర టెన్త్ చదివి అక్కడ చేరిన పిల్లని చూడ్డానికి వెళ్ళాను. మెట్ల పక్కన పెద్ద అక్షరాలతో ‘లేవండి, మేల్కొనండి, గమ్యం చేరేవరకు ఆగకండి’ అని రాసి, పైన వివేకానందుడి బొమ్మ వేశారు. ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా చారలు. తెల్లవారుజామున లేస్తే రాత్రి దాకా స్టడీ అవర్లే, డౌట్ అడిగితే సెక్షన్ మార్చేస్తారని భయం అని చెప్పింది.

వివేకానందుడు ఊరూరా వినిపించిన ఆ పిలుపుకి మూలం కఠోపనిషత్తులో ఉంది. ‘ఉత్తిష్ఠత జాగ్రత ప్రాప్య వరాన్నిబోధత’. లేవండి, మేల్కొనండి, పెద్దల్ని చేరి తెలుసుకోండి అని. ఆ వెంటనే ఈ దారి కత్తి అంచులాంటిది, నడవడం కష్టం అని కూడా ఉంది. ఆ ఉపనిషత్తు మొత్తం నచికేతుడనే పిల్లవాడు ప్రశ్నలు అడగడం, యముడు ఓపిగ్గా జవాబివ్వడం. తన ఇంటి దగ్గర ఆ పిల్లవాడు మూడు రాత్రులు తిండి లేకుండా ఉన్నాడని తెలిసి యముడే నొచ్చుకుని మూడు వరాలిచ్చాడు. డౌట్ అడగడానికి పిల్లలు వణికిపోయే చోట ఆ మాట రాసే హక్కు ఎవరికీ లేదు.

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా రెండు రాష్ట్రాల్లోనూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో ప్రాణం తీసుకున్న వార్త చదువుతూనే ఉన్నాం. ఆగకండి అని రాసిన గోడల మధ్య, కాస్త ఆగితే తప్పులేదని ఆ పిల్లలకి ఎవరు చెప్పాలి? హాస్టళ్ళు నడిపేవాళ్ళని, అక్కడ చేర్పించే తల్లిదండ్రుల్ని నేను అడిగేది ఒకటే. ఆ గోడకి సున్నం కొట్టించండి. మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడుకోవడానికి 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అదే మెట్ల పక్కన, అంతే పెద్ద అక్షరాలతో 14416 అని రాయించండి. ఆ నంబర్‌కి చేసుకోవడానికి పిల్లలకి ఒక ఫోన్ కూడా అందుబాటులో పెట్టండి.