ఇన్‌స్పెక్టర్ చెప్పిన జోకు

1964లో న్యూయార్క్ కోర్టులో ఒక విచిత్రం జరిగింది. గ్రీనిచ్ విలేజ్‌లోని కెఫే ఆ గో గో అనే క్లబ్బులో స్టాండప్ కమెడియన్ లెనీ బ్రూస్ మాట్లాడింది అశ్లీలమా, కాదా అన్నది విచారణ. ప్రాసిక్యూషన్ తరఫున లైసెన్సుల శాఖ ఇన్‌స్పెక్టర్ ఒకాయన సాక్షిగా బోనెక్కారు. క్లబ్బు చీకట్లో కూర్చుని గబగబా రాసుకున్న ముక్కలు చూసుకుంటూ, లెనీ ప్రదర్శనను ఆయన జడ్జీల ముందు అప్పజెప్పారు. ఊపు లేదు, విరుపు లేదు, ముందువెనకల సందర్భం అసలే లేదు. తన జోకులను ఈ పెద్దమనిషి పాడుచేస్తుంటే జైలు మాత్రం తనకు పడేలా ఉందని లెనీ గోలపెట్టాడు. పడింది కూడా. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు దోషి అన్నారు, ఒకరు కాదన్నారు. నాలుగు నెలల శిక్ష. అప్పీలు తేలకముందే, 1966 ఆగస్టు 3న, మార్ఫిన్ మోతాదు మించి నలభయ్యేళ్ల వయసులో అతడు చనిపోయాడు. క్లబ్బు యజమానిపై పడిన శిక్షను పైకోర్టు ఆ తరువాత కొట్టేసింది. లెనీకి మాత్రం 2003 డిసెంబరులో గవర్నర్ జార్జ్ పటాకీ క్షమాభిక్ష పెట్టారు. ఆ రాష్ట్ర చరిత్రలో మరణానంతర క్షమాభిక్ష అదే మొదటిది.

ఈ జీవితాన్ని దర్శకుడు బాబ్ ఫాసీ 1974లో ‘లెనీ’ పేరుతో నలుపు తెలుపుల్లో తీశారు. డస్టిన్ హాఫ్‌మన్ లెనీగా, వేలరీ పెరీన్ అతడి భార్య హనీగా నటించారు. కేన్స్‌లో పెరీన్‌కు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆస్కార్‌కు ఆరు నామినేషన్లు దక్కినా చేతికి ఒక్కటీ రాలేదు. సినిమాలో లోపాలున్నాయి. చివరికి వచ్చేసరికి లెనీని అమరవీరుణ్ని చేసే తొందర కనిపిస్తుంది. కానీ ఫాసీ అతడి మత్తుమందుల వాడకాన్ని దాచలేదు, భార్యను పెట్టిన బాధలనూ దాచలేదు. మన దగ్గర జీవితకథా చిత్రమంటే మొదటి రీలులోనే విగ్రహానికి దండ పడుతుంది. ఆ లెక్కన ఇది ఎంతో నిజాయితీ గల పని.

అందులో ఒక సన్నివేశాన్ని మరిచిపోవడం కష్టం. మత్తులో తూలుతూ రెయిన్‌కోటుతోనే లెనీ వేదిక మీదికి వస్తాడు. మాట తడబడుతుంది, మొదలుపెట్టిన వాక్యం ఎక్కడికో పోతుంది. కెమెరా దగ్గరికి వెళ్లదు, పక్కకు తప్పుకోదు, దూరం నుంచే చూస్తూ ఉంటుంది. జనం ఇబ్బందిగా కదులుతారు. చివరి రోజుల్లో లెనీ కోర్టు కాగితాలను వేదిక మీద చదివి వినిపించేవాడు. నవ్వించడానికి పుట్టినవాడు సెక్షన్ల గురించి తప్ప మరొకటి మాట్లాడలేని స్థితికి చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1961లో అరెస్టు చేస్తే జ్యూరీ నిర్దోషి అంది. షికాగోలో పడిన శిక్షను ఇలినాయ్ సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఊరూరా గెలుస్తూ కూడా మనిషి అయిపోయాడు. శిక్షకంటే కేసే ఎక్కువ పనిచేసింది.

ఇదంతా అమెరికా గొడవ, బెజవాడకు ఏమిటి సంబంధం అనవచ్చు. నగరపాలక సంస్థ ఆధీనంలోని మన పెద్ద నాటకశాలకు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రమని పేరు. మొవ్వ క్షేత్రయ్య శృంగార పదాలను ఈ రోజు ఏ యువ కమెడియనో తన మాటగా అదే వేదిక మీద చెబితే మర్నాటికి ఫిర్యాదు ఖాయం. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే ఊరు ఊరంతా ఎంత మోటుగా నవ్వుకునేదో పెద్దవారికి తెలుసు. బుర్రకథలో ఒక వంత హాస్యానికి, మరో వంత రాజకీయానికి. ఆ రెండూ కలిస్తే ఎంత పదునో గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్ చూపించారు. ఆ పదునుకు భయపడే ఆనాటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

2022 జనవరిలో ‘చింతామణి’ నాటకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల ఫిర్యాదు అందుకు కారణం. ఆ బాధను మేం తేలిగ్గా తీసుకోం. కొన్ని నాటక సమాజాలు చప్పట్ల కోసం ఆ పాత్రకు ఎంత బూతు తగిలించాయో నాటకాలు చూసేవారికి తెలియనిది కాదు. కానీ కాళ్లకూరి నారాయణరావు రాసింది వేశ్యావ్యసనాన్ని ఎండగట్టిన సంస్కరణ నాటకం. ఇతరులు కలిపినదానికి మూలమే ముద్దాయి అయింది. న్యూయార్క్ ఇన్‌స్పెక్టర్ చేసిన పనికీ దీనికీ తేడా ఎంత?

ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఫోనున్న ప్రతివారికీ దొరికింది. గంటన్నర ప్రదర్శనలోంచి అర నిమిషం కత్తిరిస్తారు. పైన ఒక మండిపాటు వాక్యం తగిలించి వదులుతారు. టికెట్టు కొని లోపల కూర్చున్నవారిలో ఎవరికీ రాని కోపం, అసలు ఆ ఊరే చూడనివారికి వస్తుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీని అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిలిచ్చేసరికి నెల దాటింది. మరుసటి ఏడాది హైదరాబాద్ శిల్పకళావేదికలో అతడి ప్రదర్శనకు గట్టి పోలీసు కాపలా పెట్టి జరిపించారు. పోలీసులు చేయవలసింది ఆ రెండో పని. మన రాష్ట్రంలో పార్టీలు మారినా పోస్టుల మీద కేసులు ఆగడం లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావప్రకటన, కుర్చీ ఎక్కాక మనోభావాలు.

ఏ మాటకైనా హాస్యం ముసుగు చాలునని మేం అనడం లేదు. ఫలానా మనిషిని కొట్టండని ఉసిగొల్పడం, అణగారిన కులాల వారిని పేరు పెట్టి అవమానించడం వేదిక మీద చేసినా నేరమే. జోకు చెత్తగా ఉంటే నవ్వకుండా కూర్చోవచ్చు. కమెడియన్‌కు అంతకంటే పెద్ద దెబ్బ లేదు. మా అభ్యంతరం తీర్పు చెప్పే పద్ధతి మీద. 2014లోనే సుప్రీంకోర్టు అవీక్ సర్కార్ కేసులో, అశ్లీలతను తేల్చడానికి ఇంగ్లండు కోర్టు 1868లో పెట్టిన హిక్లిన్ కొలబద్దను పక్కన పెట్టింది. ఏదో ఒక ముక్కను విడదీసి కాకుండా, మొత్తంగా, నేటి సమాజపు ప్రమాణాలతో చూడాలంది. 2025 మార్చి 28న కవి, కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవితపై పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేస్తూ, స్టాండప్ కామెడీ సహా కళలన్నీ జీవితాన్ని అర్థవంతం చేస్తాయని అదే కోర్టు రాసింది. దుర్బల మనస్కుల కొలతతో కాక, దృఢచిత్తుల కొలతతో మాటను తూచాలనీ చెప్పింది.

దారి కూడా చట్టంలోనే ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలును పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 173(3) కల్పించింది. మాటలూ రాతలూ ఆరోపణలైన చోట ఈ వీలును వాడుకోవడమే ఉచితమని ప్రతాప్‌గఢీ తీర్పు సూచించింది. విజయవాడ పోలీస్ కమిషనర్, గుంటూరు ఎస్పీ దీనిపై తమ స్టేషన్లకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. హాస్య ప్రదర్శనపై ఫిర్యాదు వస్తే విచారణాధికారి పూర్తి రికార్డింగును మొదటినుంచి చివరిదాకా స్వయంగా వినాలి, విన్నట్టు కేసు డైరీలో రాయాలి. ఫిర్యాదుదారు తాను చూసింది ప్రదర్శననా, క్లిప్పునా అన్నది లిఖితపూర్వకంగా చెప్పాలి. ఎవరో ఫోను చేశారని ముందురోజు బుకింగ్ రద్దు చేయబోమని నగరపాలక సంస్థ కళాక్షేత్రం అద్దె నిబంధనల్లో చేర్చాలి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు, బడ్జెట్టూ అక్కరలేదు. అధికారులకు పట్టేది గంటన్నర సమయం. మధ్యలో నవ్వొస్తే ఆపుకోనక్కరలేదు.