రంగులు తుడిచేసినా గెలాక్సీలు పోవు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్లం కొందరం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మోకాళ్ల నొప్పులకు కషాయాలు, కొండ మీద రద్దీ వివరాలు, శుభోదయాలు అందులో మామూలు. పోయిన వారం ఒక పెద్దాయన 'అంతరిక్ష మోసం' అనే పొడవాటి సందేశం పంపారు. చాలాసార్లు చేతులు మారిందనే గుర్తు దాని నెత్తి మీదే ఉంది. అందులో ఉన్నదిది: వెబ్ టెలిస్కోపు పంపే గెలాక్సీల ఫోటోలు కంప్యూటర్లో రంగులు పూసినవి. వాటిలో ఒకటి మాంసం ముక్క అని ఒక శాస్త్రవేత్తే ఒప్పుకున్నాడు. నక్షత్రాలకు ముళ్లు ఉండటమే గ్రాఫిక్స్‌కు రుజువు. ఆవగింజంత ఆకాశం చూసి రెండు లక్షల కోట్ల గెలాక్సీలు అనడం కాకిలెక్క. అంత దూరం ఎవరూ వెళ్లి కొలవలేదు, పైగా తమ లెక్క తప్పని వాళ్లే చెప్పారు. ఇదంతా అమెరికా వాళ్ల మాటే, మనవాళ్లు చూసిందేమీ లేదు.

నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. 'వాదనలు వద్దు సార్' అన్నారు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాంసం ముక్క సంగతి ముందు తేల్చేద్దాం. 2022 జులై 31న ఎటియెన్ క్లెయిన్ అనే ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త ట్విట్టర్లో చొరిజో అనే ఎర్రటి సాసేజీ ముక్క ఫోటో పెట్టి, వెబ్ తీసిన ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం ఇదేనన్నాడు. తర్వాత, వేళాకోళానికి పెట్టానని చెప్పి క్షమాపణ అడిగాడు. ఆ ఫోటో వెబ్ తీసిందీ కాదు, నాసా విడుదల చేసిందీ కాదు. పెద్ద పేరున్నవాళ్లు పెట్టారని దేన్నీ నమ్మేయవద్దని ఆయన చెప్పదలచుకున్నాడు. ఆ వేళాకోళమే ఇప్పుడు సాక్ష్యంగా మా గ్రూపుదాకా వచ్చింది.

ముళ్ల సంగతి ఇంకా చిన్నది. వెబ్ అద్దం 18 ఆరుపలకల ముక్కల కూర్పు. ఆ అంచుల దగ్గర, ముందున్న చిన్న అద్దాన్ని మోసే కడ్డీల దగ్గర కాంతి వంగి చెదురుతుంది. అందుకే ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ ఆరు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు కనిపిస్తాయి. వెబ్ కంటే ముందు వెళ్లిన హబుల్ టెలిస్కోపు ఫోటోల్లో నాలుగే ఉంటాయి. గెలాక్సీలను లెక్కపెట్టి జాబితా రాసేవాళ్లకు ఈ ముళ్లు మేలే చేస్తాయి. ముళ్లున్నది చాలావరకు మన పాలపుంతలోని నక్షత్రమే కాబట్టి దాన్ని, దాని చుట్టుపక్కల చోటును లెక్కలోంచి తీసేస్తారు.

ఇక రంగులు. రంగులు తర్వాత వేసినవే, నిజం. టెలిస్కోపు కెమెరాకు రంగు తెలియదు. ఒక్కో ఫిల్టర్ అడ్డుపెట్టి ఎంత వెలుగు పడిందో మాత్రమే రాసుకుంటుంది. వెబ్ పట్టేది చాలావరకు మన కంటికి అందని పరారుణ కాంతి. అందులో పొట్టి తరంగాలకు నీలం, పొడుగు తరంగాలకు ఎరుపు కేటాయిస్తారు. వరస చెదరదు, స్థాయి మాత్రం మన కంటికి అందేలా జరుగుతుంది. ఒకే అన్నమయ్య కీర్తనను గాయని ఐదున్నర శ్రుతిలో, గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడితే కీర్తన మారిందని ఎవరైనా అంటారా?

అసలు సందేశం రాసినవారికి తెలియని విషయం వేరే ఉంది. ఆ రంగుల ఫోటో మీద వేలు పెట్టి గెలాక్సీలను ఎవరూ లెక్కపెట్టరు. అది గోడకు తగిలించుకునే బొమ్మ. లెక్క జరిగేది నలుపు తెలుపు ఫ్రేముల మీద.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఆ మధ్య హబుల్ ముడి ఫ్రేము ఒకటి లాప్‌టాప్‌లో తెరిచి చూపించింది. ఇవి నెట్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతాయి. చూడగానే నిరాశపడ్డాను. బూడిదరంగు బండ మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు, గీతలు. 'వీటిలో ఎక్కువ గెలాక్సీలు కావు సార్, కాస్మిక్ కిరణాలు వచ్చి సెన్సర్‌కు తగిలిన గుర్తులు' అంది. అదే చోటును తీసిన రెండో ఫ్రేము తెరిచింది. చుక్కలన్నీ చోటు మారాయి. కదలకుండా ఉన్నవి మూడో నాలుగో మసక మచ్చలు. అవీ గెలాక్సీలు. ఒక్క ఫ్రేమును నమ్మకుండా వందలు ఒకదాని మీద ఒకటి పేర్చేది ఇందుకే. 1995 డిసెంబరులో పది రోజులపాటు సప్తర్షి మండలంలో ఒక చిన్న ముక్కను 342 సార్లు తీసి పేరిస్తే సుమారు 3,000 గెలాక్సీలు తేలాయి. హబుల్ పరిశీలనలు చూసే సంస్థకు అప్పటి డైరెక్టర్ రాబర్ట్ విలియమ్స్ తన వాటాకు వచ్చే సమయాన్ని ఈ ఖాళీ చోటుకు ఖర్చుపెట్టాడు.

పేర్చిన తర్వాత పని ప్రోగ్రాముది. చుట్టూ ఉన్న చీకటి మట్టం ఎంతో ముందు లెక్కగట్టి, దానికంటే నిర్ణీత మేర వెలుగున్న పిక్సెళ్లను గుర్తిస్తుంది. పక్కపక్కనే అంటుకుని ఉన్నవన్నీ కలిపి ఒక వస్తువు. చిక్కంతా ఇక్కడే. రెండు గెలాక్సీలు ఆనుకుని ఉంటే ఒకటిగా లెక్కపడవచ్చు, ఒకే పెద్ద గెలాక్సీ చేతులు విడిపోయి నాలుగుగా లెక్కపడవచ్చు. కొన్ని మచ్చలు ఉత్త రొద, అంటే ఏమీ లేని చోట తేలే ఉత్తుత్తి వెలుగు కూడా కావచ్చు. మరి జాబితాను ఎలా నమ్మాలి?

వాళ్లు తమ జాబితాను తామే దొంగచాటుగా పరీక్షించుకుంటారు. మొదటి పరీక్షలో ఫ్రేమును తిరగేస్తారు, వెలుగును చీకటిగా, చీకటిని వెలుగుగా. అసలు గెలాక్సీలన్నీ గుంటలైపోయి ప్రోగ్రాముకు కనిపించకుండా పోతాయి. అప్పుడు కూడా అది 'ఇదిగో గెలాక్సీ' అని పట్టుకుందంటే అది రొదే. దాన్నిబట్టి అసలు జాబితాలో తాలు ఎంత ఉందో అంచనా కడతారు. రెండో పరీక్ష నాకు మరీ ఇష్టం. కంప్యూటర్లో దొంగ గెలాక్సీలను తయారుచేసి, వాటి వెలుగు, సైజు, చోటు రాసిపెట్టుకుని, ఫ్రేములో కలిపి ప్రోగ్రామును వదులుతారు. వెయ్యి కలిపితే ఎన్ని దొరికాయి? వెలుగున్నవి దాదాపు అన్నీ దొరుకుతాయి, మసకబారేకొద్దీ తప్పిపోతాయి. ఎంత మసక దగ్గర సగం తప్పిపోతున్నాయో చూసి, ఇంతవరకే మా లెక్కను నమ్మండి అని జాబితాతోపాటు ప్రచురిస్తారు. కంప్యూటర్లో గెలాక్సీలు తయారుచేస్తారన్న ఆరోపణ అలా ఒకరకంగా నిజమే. అవి జాబితాలోకి ఎక్కవు, అంతే.

రెండు లక్షల కోట్ల విషయంలో సందేశానికి సగం మార్కులు ఇస్తాను. చిత్తూరు వైపు తోతాపురి తోటల్లో కాపు కొనే వ్యాపారి ప్రతి కాయనూ లెక్కపెట్టడు. నాలుగు చెట్ల కింద నిలబడి తలెత్తి చూసి ఇన్ని టన్నులంటాడు. అది కాకిలెక్కయితే అతడు మరుసటి ఏడాది వ్యాపారంలో ఉండడు. ఇక్కడా అంతే. 2003–04లో హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్‌లో, అంటే మొత్తం ఆకాశంలో సుమారు కోటీ 30 లక్షల వంతుల్లో ఒక వంతులో, దాదాపు 10,000 గెలాక్సీలు దొరికాయి. గుణిస్తే 13,000 కోట్లు. ఒక కొమ్మకు కాపు ఎక్కువుండి మోసపోతామేమోనని, 1998లోనే దక్షిణాకాశంలో మరో కొమ్మనూ చూశారు, రెండు చోట్లా కాపు ఒకే తీరుగా ఉంది. రెండు లక్షల కోట్ల మాట 2016లో వచ్చింది. ఆకుల చాటున కనపడని కాయలను, అంటే ఏ టెలిస్కోపుకూ అందని చిన్న, మసక గెలాక్సీలను కూడా అంచనాలో కలిపారు. ప్లూటోను ఎప్పుడో దాటిపోయిన న్యూ హొరైజన్స్ నౌక, సౌరకుటుంబపు ధూళి వెలుగు పెద్దగా లేని చోటు నుంచి ఆకాశపు చీకటిని కొలిచిన ఫలితాలు 2021లో వచ్చాయి. అన్ని గెలాక్సీలుంటే ఉండాల్సినంత వెలుగు లేదు. రెండు లక్షల కోట్లు కాదు, కొన్ని పదివేల కోట్లే కావచ్చన్నారు. ఆ అంకెను దించింది ఖగోళ శాస్త్రజ్ఞులే, ఫార్వర్డులు కాదు.

దూరం కొలవడానికి అక్కడికి వెళ్లనక్కరలేదు. తొలినాటి గెలాక్సీ నుంచి బయలుదేరిన కాంతిలో 121.6 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను దారిలోని హైడ్రోజన్ మింగేస్తుంది. విశ్వం సాగినకొద్దీ ఆ కోత గీత పొడుగు తరంగాల వైపు జరుగుతుంది. ఒక ఫిల్టర్లో మాయమై, పక్క ఫిల్టర్లో మెరిసే మచ్చ దొరికితే ఆ గీత ఎక్కడుందో తెలిసినట్టే. అయితే ఇది తొలి అంచనా. కాంతిని తరంగాలవారీగా విడదీసి వర్ణపటం తీసేదాకా అది అభ్యర్థి మాత్రమే. 2022లో ఇలాంటి ఒక అభ్యర్థి, సీర్స్-93316, మహావిస్ఫోటనం తర్వాత సుమారు 24 కోట్ల ఏళ్లనాటిదనిపించింది. వర్ణపటం తీస్తే దాదాపు 120 కోట్ల ఏళ్లనాటిదని తేలింది. దాని బలమైన కాంతి రేఖలు కొన్ని ఫిల్టర్లను ఏమార్చాయి. సందేశం చెబుతున్న 'ఒప్పుకున్న తప్పు' ఇదే అయ్యుంటుంది. అదే పరిశీలనలో మెయిసీ గెలాక్సీ అనే మరో అభ్యర్థి సుమారు 39 కోట్ల ఏళ్లనాటిదేనని నిర్ధారణ అయింది. ఆ వాక్యాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

మనవాళ్లు చూసిందేమీ లేదన్నది చివరి మాట. 2015 సెప్టెంబర్ 28 ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సి30 రాకెట్ మీద మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ వెళ్లింది. హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్ ఉన్న ఆకాశపు ముక్కనే 2016 అక్టోబరులో అది అతినీలలోహిత కాంతిలో 28 గంటలకు పైగా చూసింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి హబుల్‌కు దొరకని కాంతిని పట్టింది. ఆ కాంతి నిజంగా దానిదేనని తేల్చుకోవడానికి పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకు చెందిన కనక్ సాహా బృందానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2020లో ప్రకటించారు. జాబితాలో దాని పేరు ఏయూడీఎఫ్ఎస్01.

ఆ రాకెట్ లేచిన రోజు మేం నడక ముగించుకుని కూడా ఇళ్లకు వెళ్లకుండా మైదానంలోనే నిలబడ్డాం. పది గంటలు దాటాక తూర్పున సన్నటి తెల్లని చార కనిపించింది. మాలో ముందుగా దాన్ని చూసి, అదిగో అని వేలెత్తి చూపించింది ఈ సందేశం పంపిన పెద్దాయనే.