సెల్లార్‌లో జాన్ వేన్

వారం రోజులుగా జాన్ వేన్ సినిమాలు చూస్తున్నాను. కౌబాయ్ అంటే ‘మోసగాళ్లకు మోసగాడు’ కృష్ణగారే అనుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈ వయసులో అసలు సరుకు చూద్దామనిపించింది. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ అయింది, ‘రెడ్ రివర్’ అయింది. ఈయన అసలు పేరు మారియన్ అనీ, ‘డ్యూక్’ అన్న ముద్దుపేరు చిన్నప్పటి పెంపుడు కుక్కదనీ ఇంట్లో అందరికీ రెండేసి సార్లు చెప్పాను. అందుకే కాబోలు, నిన్న ఆదివారం టీవీ నాకు దక్కలేదు. ఫోన్ పట్టుకుని పడగ్గదిలోకి పోయి ‘రియో బ్రావో’ పెట్టుకున్నాను.

1959లో హోవర్డ్ హాక్స్ తీసిన ఈ సినిమాలో మొదటి నాలుగు నిమిషాలు ఎవరూ నోరు విప్పరని ముందే తెలుసు. నా కొంప ముంచింది ఆ తెలివే.

డీన్ మార్టిన్ బార్‌లోకి వచ్చాడు. మాసిన గడ్డం, తాగడానికి డబ్బుల్లేవు. ఒకడు వెక్కిరింపుగా వెండి డాలరు తీసి తమ్మపడిగలోకి విసిరాడు. (తమ్మపడిగ అంటే తెలియని పిల్లలకు: ఉమ్మేసే పాత్ర. మా అమ్మమ్మగారింట్లో ఇత్తడిది ఉండేది. అందులో రూపాయి పడితే నేనైతే వదిలేసుకునేవాణ్ణి.) మార్టిన్ వంగి చెయ్యి పెట్టబోయాడు. బూటుకాలొకటి వచ్చి దాన్ని తన్నేసింది. తలెత్తి చూస్తే కొండలా జాన్ వేన్. మాట లేదు. తమ్మపడిగ దొర్లిన చప్పుడు కూడా లేదు. అదీ దర్శకుడి గొప్పతనం ఖాతాలోనే వేశాను. కనీసం సంగీతమైనా ఉండదా అని వాల్యూమ్ చివరిదాకా పెంచాను. ఊహూఁ. ఎంత గుండె ధైర్యం ఈ హాక్స్‌ది!

అంతలో తెర మీద ఆ దుర్మార్గుడు తుపాకీ పేల్చాడు. కింద సెల్లార్‌లో ఢాం అంది. దీపావళి టపాకాయలు ఇంకా మిగిలాయా ఈ పిల్లలకి అని విసుక్కున్నాను, టైమింగ్ భలే కుదిరిందే అని ముచ్చటపడ్డాను కూడా. కాసేపటికి వేన్ పెదాలు కదిలాయి. గొంతు కిందినుంచి వచ్చింది.

మా సెల్లార్‌లో జాన్ వేన్‌లా మాట్లాడేవాడెవడు?

వినాయక చవితికి పందిట్లో పాటలు పెట్టమంటే నా ఫోన్‌ని అసోసియేషన్ స్పీకర్‌కి కలిపాను. అది ఉండేది సరిగ్గా మా పడగ్గది కింద. నిన్న కింద జనరల్ బాడీ మీటింగ్. మెయింటెనెన్స్ రెండున్నర వేల నుంచి మూడు వేలకి పెంచుతున్నాం, ఎవరికైనా అభ్యంతరమా అని సెక్రటరీగారు అడిగి ఆగినప్పుడట ఆ ఢాం. నేను లుంగీతోనే దిగేసరికి ఇద్దరు పెద్దావిడలు గోడకి ఆనుకుని నిలబడ్డారు, వాచ్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ చూడ్డానికి పరిగెత్తాడట.

“మీటింగ్‌కి మీరు రారు గానీ, కాల్పులు పంపిస్తారా సార్?” అన్నారు సెక్రటరీగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

వచ్చింది పన్నెండు మంది. పన్నెండు మందికి మైకూ స్పీకరూ ఎందుకండీ, కామన్ కరెంటు బిల్లు పెరిగిపోయిందని ఏడ్చే మనిషికి? ఆ మాటే అడుగుదామని నోరు తెరిచాను. ఫోన్ పైనే వదిలేసి వచ్చాను కదా, స్పీకర్‌లోంచి గుర్రబ్బళ్లు గడగడమంటూ వచ్చేశాయి.

అభ్యంతరాలేవీ రాలేదని మినిట్స్‌లో రాసుకున్నారు.