సవరణ: క్లబ్ రికార్డులు, 180 గ్రాముల సంగతి

వినైల్ సబ్‌స్క్రిప్షన్ క్లబ్బుల (డబ్బు కడితే నెలనెలా పాటల రికార్డు పంపేవి) మీద రాసిన గత పోస్టులో "క్లబ్ రికార్డులు 180 గ్రాములవి, అందుకే శబ్దం బాగుంటుంది" అనే వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. బరువుకీ శబ్దానికీ నేరుగా సంబంధం లేదు. 140 గ్రాముల రికార్డు మీదైనా సూది నడిచే గాడి లోతు అంతే ఉంటుంది. బరువైన రికార్డు చేతికి గట్టిగా తగులుతుంది, కాస్త తక్కువ వంగవచ్చు, అంతే.

శబ్దాన్ని తేల్చేది మాస్టరింగ్ (ముద్రణకి ముందు రికార్డింగ్‌ని ఆఖరిసారి సరిదిద్దడం), లాకర్ (మొదట గాడి కోసే మెత్తని పూత ఉన్న డిస్క్) మీద గాడి కోసిన తీరు, స్టాంపర్ (రికార్డుని ఒత్తే లోహపు అచ్చు) ఎంత అరిగింది, ప్రెస్‌లో వినైల్‌ని చల్లారనిచ్చారా లేదా అన్నవి. వేడి వినైల్ గాడి అంతా సరిగ్గా నిండకపోతే చింపినట్టు చర్‌ర్‌మనే శబ్దం వస్తుంది. ఎంత కడిగినా అది పోదు. మధ్య రంధ్రం కొంచెం పక్కకి పడితే పియానో స్వరాలు ఊగుతాయి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఇవి 200 గ్రాముల రికార్డులోనూ రావచ్చు.

ఇంకో వివరణ. క్లబ్ పేరు ఒకటే అయినా ప్రతి నెలా ఒకే ప్లాంట్‌లో ముద్రిస్తారని అనుకోకూడదు. అందుకే కలెక్టర్లలో ఒకరు మెచ్చుకుంటే ఇంకొకరు తిట్టుకుంటారు, ఇద్దరి మాటా నిజమే కావచ్చు. గాడి కోత (కట్టింగ్) ఎవరు చేశారు, ఏ ప్లాంట్ అన్నది ముందే చెప్పే క్లబ్బులకే డబ్బు కట్టమన్న సలహాలో మార్పు లేదు.