కదలని కారుకు నంబరెందుకు?

పాత కార్లంటే సర్కారుకు ముద్దే. అవి రోడ్డెక్కడం మాత్రం ఇష్టం లేదు. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన వింటేజ్ నిబంధనలు చదివితే నాకు అలాగే అనిపించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత కారుకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. రుసుం 20 వేలు, గడువు పదేళ్లు, ఆపైన పొడిగింపుకు 5 వేలు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప ఆ బండిని బయటికి తీయకూడదు. ఛాసిస్‌లో (కారు అడుగున ఉండే ఇనుప చట్రం), బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పేదీ జరిగి ఉండకూడదన్నది ఇంకో షరతు.

ఈ రెండూ ఢిల్లీలో కూర్చుని చదివితే బాగానే ఉంటాయి. మైపాడు సముద్రపు గాలి తగిలే ఇంట్లోనో, ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలోనో షెడ్డు వేసుకున్నవాడికి మాత్రం రెండూ కలిసి కాళ్లకు అడ్డం పడతాయి.

పాత కార్లలోనూ స్పోర్ట్స్ కారు అనగానే మనకు సంబంధం లేని విషయం అనుకోనక్కర్లేదు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన పక్కింటి బండే. ఇంగ్లండులో 1962 నుంచి 1980 దాకా వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును ఆ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసే కట్టారు. రెండింటికీ రూపం ఇచ్చింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొత్తి. వెనకాల అడ్డంగా పడే స్ప్రింగు కమాన్ పట్టీ, ఫెండర్లతో సహా ముందుకు పడుకునే బానెట్టు రెండింటికీ ఒకటే. బానెట్టు ఎత్తి ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. పైగా హెరాల్డ్ బాడీ ఛాసిస్‌కు బోల్టులతోనే ఉంటుంది, విప్పితే ముక్కలుగా ఊడొస్తుంది. ఇంటి షెడ్డులో బాగుచేసుకోవడానికి ఇంతకన్నా అనువైన కారు దొరకడం కష్టం. సామాను కోసం చెన్నైలో పాత విడిభాగాలమ్మే పుదుప్పేట ఉండనే ఉంది. అక్కడ దొరకనివి ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి.

పానాల సంగతి ఒకటి చెప్పాలి. ఈ కార్ల నట్లు దాదాపు అన్నీ అంగుళాల కొలతే. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. మన షెడ్లలో ముందుగా చేతికొచ్చేది 13వ నంబరు పానా. పడుతుంది, తిరుగుతుంది కూడా. ఏళ్ల తరబడి బిగుసుకున్న బోల్టు దగ్గర మాత్రం మూలలు అరిగిపోయి తల గుండ్రమవుతుంది. ఇక గ్యాస్ కట్టరే గతి. అంగుళాల పానాల సెట్టు కొనకుండా మొదలుపెట్టేవాళ్లంటే నాకు భలే ధైర్యవంతులు అనిపిస్తుంది.

ఇంజన్ గురించి అందరూ దిగులుపడతారు గానీ, అది ఎప్పటికైనా అయ్యే పని. బోరింగ్ చేసేవాళ్లున్నారు, లేత్ పనివాళ్లున్నారు. అసలు బాధ రేకుది. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తక్కిన రోజుల్లో ఉప్పు గాలి. గాల్లో తేమను ఉప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి వాన లేని రోజూ రేకు తడిగానే ఉంటుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల వైపు ఇంటి గేట్లకు ఏ గతి పడుతుందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తలుపు కింద పెట్టెలా మూసుకుని ఉండే సిల్లులో నీళ్లు పోయే చిల్లులు మట్టితో పూడిపోతే తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. బయటికి రంగు కాస్త పొంగినట్టు కనిపించేసరికే లోపల రేకు ఉండదు.

దాని మీద లప్పం పెట్టి రంగు కొట్టడం మన టింకరింగ్ షాపుల్లో మామూలే. లప్పం చెమ్మ పీలుస్తుంది, రెండు వానాకాలాల్లో మళ్లీ పొంగుతుంది. కుళ్లిన మేర కోసేసి, అదే మందం రేకు అదే వంపులో కొట్టి అతికించడమే దారి. స్పిట్‌ఫైర్‌కైతే ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి. హెరాల్డ్ ఛాసిస్‌కు పక్కలకు చాచినట్టుండే ఇనుప చేతులు దీనికి లేవు, బండి బలంలో పెద్ద వంతు సిల్లులదే. తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద వెల్డింగ్ చేసి పెట్టకుండా సిల్లు కోస్తే బాడీ నడుమ కుంగుతుంది, ఆ తర్వాత తలుపు పడదు.

మరి ఇలా సిల్లు మార్చిన కారు నిబంధన ప్రకారం ‘పెద్ద మార్పు’ జరిగిన కారా, కాదా? తనిఖీకి వచ్చిన కమిటీ ఎటు అనుకుంటే అటు. కోయకపోతే కారు ఉండదు, కోస్తే నంబరు వస్తుందో రాదో తెలియదు.

బండిని బయటికి తీయకూడదన్న షరతు ఇంకా విచిత్రం. పాత కారు నిలబడితేనే పాడవుతుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని లాగుతుంది, పాత రబ్బరు పైపులనూ కారులోని పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రమ్ పొరనూ మెత్తబెడుతుంది. పైపులు మార్చుకున్నా ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచితే చేటే. వారానికోసారి కావలి దాకా వెళ్లొచ్చే కారుకు ఈ జబ్బులు చాలా తక్కువ.

సీటు బెల్టు లేని, పొగ ఎక్కువొచ్చే బండ్లను రోజూ తిప్పనివ్వకపోవడంలో న్యాయం లేకపోలేదు. అయినా జిల్లాకు ఎన్నుంటాయి ఇలాంటివి? బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్నూ లేదు, ఏటా చేసే తనిఖీ తప్పనిసరీ కాదు, రోడ్డు మీద తిరగనిస్తారు. పెద్ద మార్పు ఉండకూడదన్న షరతు అక్కడా ఉంది. పాతదాని నమూనాలోనే కొత్త భాగం వేస్తే అది మార్పు కిందికి రాదని మార్గదర్శకాల్లో రాసిపెట్టారు. ఆ ఒక్క వాక్యం మన నిబంధనల్లో చేర్చితే సగం తగువు తీరుతుంది. నెలకు ఇన్ని కిలోమీటర్లని పరిమితి పెట్టి తిరగనిస్తే మిగతా సగం.

ఆ సవరణ వచ్చేదాకా, ఆర్‌సీ బతికున్న కారున్నవాళ్లు వీఏ జోలికి పోకపోవడమే మంచిది. ఢిల్లీలోలా 15 ఏళ్లు నిండిన పెట్రోలు కారును పక్కన పెట్టాలన్న నిబంధన మనకు లేదు. అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవచ్చు. దానికి రుసుం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేలు చేశారు, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో మళ్లీ పెంచారు. భారమే, కానీ ఆ నంబరుతో కారు తిరుగుతుంది. రేకు కోసేముందు, అతికించాక ఫొటోలు మాత్రం తీసి దాచండి. రేపు వీఏకు వెళ్లాల్సి వస్తే కమిటీ ముందు పెట్టడానికి అవే ఆధారం.